మూడేళ్ళలో నాలుగోసారి "టైఫాయిడ్ పాజిటివ్".. వైడాల్ రిపోర్టు నమ్మొచ్చా?

మిరపతోట_శీను
మా నాన్నకి మళ్ళీ టైఫాయిడ్ అంట. 58 ఏళ్ళు, మూడేళ్ళలో ఇది నాలుగోసారి. ఆరు రోజుల నుంచి జ్వరం, పొద్దున కాస్త దిగినట్టు ఉంటది, సాయంత్రానికి 103. తలనొప్పి, ఒళ్ళంతా నొప్పులు, అన్నం సయించట్లేదు. ఊళ్ళో ఆర్ఎంపీ గారు సెంటర్లో ల్యాబ్‌కి పంపితే అరగంటలో రిపోర్టు ఇచ్చారు, "ఓ 1:160, హెచ్ 1:160, పాజిటివ్" అని, పైగా ఎర్ర పెన్నుతో చుట్టూ గుండ్రంగా గీసి మరీ. మూడు రోజుల్నుంచి రెండు పూటలా సెలైన్, అందులో సూది. ఐదు వేలు దాటింది, జ్వరం మాత్రం కదల్లేదు. నిన్న అనుమానం వచ్చి టౌన్లో ఇంకో ల్యాబ్‌లో చేయిస్తే 1:80, "నెగటివ్". ఒకే మనిషి, ఒకే జ్వరం, రెండు రోజుల తేడా. ఎవర్ని నమ్మాలి? అసలు ఒక మనిషికి ఇన్నిసార్లు టైఫాయిడ్ వస్తదా?

చాయ్_రెండు_బన్ను
మా ఊళ్ళో టైఫాయిడ్ రానోడు లేడు బ్రో. జలుబు చేసినా టైఫాయిడే, కాలు బెణికినా టైఫాయిడే. "కొంచెం టైఫాయిడ్ ఉంది" అంటారు, ఉప్పు కొంచెం ఎక్కువైంది అన్నట్టు.

ల్యాబ్_బాబాయ్
22 ఏళ్ళుగా ల్యాబ్‌లోనే ఉన్నా, చెప్తా వినండి. వైడాల్ అంటే మీ రక్తంలో టైఫాయిడ్ క్రిమి ఉందా అని చూసే టెస్టు కాదు. ఆ క్రిమి మీద పోరాడటానికి ఒంట్లో తయారైన యాంటీబాడీలు ఉన్నాయా అని చూసేది. సీసాలో చంపేసిన క్రిములు రంగు కలిపి ఉంటాయి, ఓ అంటే క్రిమి ఒంటి భాగం, హెచ్ అంటే దాని తోకలు, ఓ ది నీలం, హెచ్ ది ఎరుపు. దాన్లో మన సీరం (రక్తం గడ్డ కట్టాక పైన తేలే నీరు) చుక్క కలిపి గాజు పలక మీద ఆడిస్తే ఇసుక రవ్వల్లా గడ్డ కడితే పాజిటివ్. అంతే. పద్ధతి ప్రకారం అయితే సీరం 80 మైక్రోలీటర్లు, 40, 20, 10, 5 ఇలా తగ్గించుకుంటూ ఐదు గుంటల్లో వేసి చూడాలి, అప్పుడే అది 1:20 ఆ, 1:160 ఆ, 1:320 ఆ, అంటే ఎంత పలచనైనా ఇంకా గడ్డ కడుతోందో తెలిసేది. పేషెంట్లు బయట బెంచీ మీద వరసగా కూర్చుని ఉన్నప్పుడు ఎంతమంది ఐదు గుంటలు వేస్తారో మీరే ఊహించుకోండి. ఒక గుంట వేసి, గడ్డ పెద్దగా ఉంటే 160, చిన్నగా ఉంటే 80 అని కంటి చూపుతో రాసేసేవాళ్ళని నేను చూశా. ఇంకోటి, ఒక్క నిమిషంలో చదివేయాలి. ఫోన్ మాట్లాడుతూ మూడు నిమిషాలు వదిలేస్తే అంచులు ఆరిపోయి, గడ్డ కట్టకపోయినా కట్టినట్టే కనపడుద్ది.

కాబట్టి శీనూ, 160 కీ 80 కీ తేడా నువ్వనుకునేంత లేదు. పక్కపక్క గుంటలే. అదే సీరం నాలుగు ల్యాబుల్లో ఇస్తే మూడు రకాల నంబర్లు రావచ్చు, ఎవరూ మోసం చెయ్యకపోయినా.

గోదారోడు_77
అందరూ ఆర్ఎంపీ మీద పడకండి ముందు. అర్ధరాత్రి పిల్లాడికి జ్వరమొస్తే తలుపు తీసేది ఆయనే. ఎంబీబీఎస్ డాక్టరు ఉండేది 20 కిలోమీటర్ల అవతల. మా ఇంట్లో ముగ్గురికి వైడాల్ పాజిటివ్ వచ్చింది, అవే సూదులు వేశారు, ముగ్గురికీ తగ్గింది. పనిచెయ్యని టెస్టయితే ఎలా తగ్గిందండీ?

నల్లకుంట_నర్సయ్య
గోదారన్నా, వైరల్ జ్వరం ఐదారు రోజులకు దానంతట అదే పోతది. నువ్వు సెలైన్ ఎక్కిచ్చుకున్నా పోతది, ఇంట్ల గంజి తాగి పన్నా పోతది. పేరు మాత్రం సూదికి. మా నాయనమ్మ మమ్ముల చిన్నప్పుడు కోరంటి దవాఖానకు తోల్కపోయేది, గదే ఇప్పటి ఫీవర్ హాస్పిటల్. ఆడ డాక్టరు సాబ్ నాలుక చూసి, కడుపు ఒత్తి చూసి, ఎన్నొద్దుల సంది జరం అని అడిగి అప్పుడు రాసేటోడు. ఇప్పుడు ముందుగాల రిపోర్టు, ఎనక మనిషి.

మైక్రో_మేడం
నేను మైక్రోబయాలజీ. బాబాయ్ చెప్పింది టెస్టు చేసే తీరు గురించి, కానీ ఎంత బాగా చేసినా వైడాల్‌కి పుట్టుకతోనే ఒక చిక్కుంది. ఇది 1896 లో ఫ్రాన్స్‌లో వైడాల్ అనే డాక్టరు పెట్టిన టెస్టు. టైఫాయిడ్ అరుదుగా ఉండే చోట ఒకడికి యాంటీబాడీలు కనపడ్డాయంటే అర్థం ఉంది. మన దగ్గర తాగే నీళ్ళతో, రోడ్డు పక్క తిండితో చిన్నప్పటి నుంచీ ఆ క్రిమిని, దాని చుట్టాల్ని ఎన్నిసార్లు మింగి ఉంటామో లెక్కలేదు. అందుకే ఏ జ్వరం లేని మనిషికి చేసినా 1:40, 1:80 మామూలుగా వస్తాయి. హెచ్ యాంటీబాడీ అయితే ఒకసారి టైఫాయిడ్ వచ్చినా, వ్యాక్సిన్ వేయించుకున్నా నెలలు, ఏళ్ళు కూడా ఉండిపోతుంది. మలేరియా లాంటి వేరే జ్వరాల్లో కూడా ఈ పాత యాంటీబాడీలు లేచి పాజిటివ్ చూపిస్తాయి. ఇంకోవైపు నిజంగా టైఫాయిడ్ ఉన్నవాడికి మొదటి వారంలో యాంటీబాడీలు ఇంకా తయారవ్వక నెగటివ్ రావచ్చు.

పాత పుస్తకాల్లో సరైన పద్ధతి ఏంటంటే ఒకసారి చేసి, వారం పది రోజులకి మళ్ళీ చేసి, నాలుగింతలు పెరిగిందా అని చూడటం. 80 ఉన్నది 320 అయితే దానికి విలువ. అన్నాళ్ళు ఎవరు ఆగుతారు?

క్రిమిని నేరుగా పట్టుకోవాలంటే బ్లడ్ కల్చర్ చెయ్యాలి, అంటే రక్తాన్ని సీసాలో పెట్టి క్రిమి పెరుగుతుందా అని చూడటం. అదీ యాంటీబయాటిక్ మొదలుపెట్టక ముందు. శీను గారూ, ఏ సూది వేశారో పేరు చూసి చెప్పగలరా?

మిరపతోట_శీను
@మైక్రో_మేడం సీసా మీద సెఫ్ట్రియాక్సోన్ 1 గ్రా అని ఉందండి. ఇవాళ్టికి ఏడు డోసులు పడ్డాయి. ఇప్పుడు కల్చర్ చేయిస్తే లాభం లేదా?

మైక్రో_మేడం
చేయించండి కానీ రాకపోవచ్చు. యాంటీబయాటిక్ పడకముందు తీసినా టైఫాయిడ్‌లో కల్చర్ పట్టుకునేది నూటికి 40 నుంచి 60 మందినే. పెద్దవాళ్ళకి 8-10 ఎంఎల్ రక్తం తీయాలి, మన వాళ్ళేమో 2 ఎంఎల్ తీసినా "ఇంత రక్తం తీశారేంటి" అని గొడవ. ఏడు డోసుల తర్వాత నెగటివ్ వస్తే "టైఫాయిడ్ కాదు" అని కూడా అనలేం.
నన్ను ఆలోచనలో పడేస్తున్నది వేరే విషయం. నాలుగు రోజులు సెఫ్ట్రియాక్సోన్ పడ్డా జ్వరం 103 అంటే, టైఫాయిడ్‌లో ఒక్కోసారి దిగడానికి అన్నాళ్ళు పడుతుంది నిజమే, కానీ వేరేదేమో అని చూడాల్సిన టైం వచ్చింది. ప్లేట్లెట్లు, లివర్ టెస్టులు, మలేరియా స్మియర్ (స్లయిడ్ మీద రక్తం చూడటం), డెంగీ చేశారా? పెద్దాసుపత్రిలో ఫిజీషియన్‌కి చూపించండి, ఇంక ఊళ్ళో వద్దు.

డల్లాస్_దత్తుడు
ఇక్కడ వైడాల్ అంటే డాక్టరు నా మొహం చూశాడు. ఇండియా ట్రిప్ నుంచి వచ్చిన పది రోజులకి నాకు జ్వరం. వాడు అడిగిన మొదటి ప్రశ్న "ఏ దేశం వెళ్ళొచ్చావ్", రెండు చేతుల్నుంచి రెండు సెట్లు కల్చర్ తీశారు, మర్నాడు సాయంత్రానికల్లా మిషన్ కూసింది, టైఫీ, అదే టైఫాయిడ్ క్రిమి. ఏ మందుకి లొంగుతుందో కూడా వేసి చూశారు, సిప్రో పనిచెయ్యదని వచ్చింది. బిల్లు సంగతి అడక్కండి, ఆ డబ్బుతో మా ఊళ్ళో ల్యాబే పెట్టేయొచ్చు.

చాయ్_రెండు_బన్ను
మేం 200 కి అరగంటలో తెచ్చుకునే జబ్బుని నువ్వు లక్షలు పోసి కొనుక్కున్నావ్ అన్నమాట.

మైక్రో_మేడం
దత్తు గారి కేసులో సిప్రో లొంగకపోవడం వింతేం కాదు, మన దగ్గర టైఫాయిడ్ క్రిమిలో చాలా భాగం ఆ మందుకి అలవాటు పడిపోయింది. వైడాల్ ఎంత పాజిటివ్ అయినా ఏ మందు పనిచేస్తుందో చెప్పదు, కల్చర్ వస్తేనే అది తెలిసేది.

పాడేరు_పిల్ల
శీను గారు, మీ నాన్నగారి ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పెచ్చు లాంటి మచ్చ ఉందేమో చూశారా? చంకల్లో, గజ్జల్లో, నడుం దగ్గర. సిగరెట్ చుర్రుమనిపించినట్టు ఉంటాది.

బ్యాంకు_మావయ్య
డెంగీ అన్నారు కాబట్టి నా బాధ కూడా వినండి. పోయిన వానాకాలం మా అమ్మాయికి జ్వరం, ప్లేట్లెట్లు 18 వేలు అని రిపోర్టు. ఇంట్లో ఏడుపులు, బొప్పాయి ఆకు రసం, డోనర్ల కోసం వాట్సాప్ స్టేటస్సులు, మా బావమరిది అయితే ఏకంగా మేకపాలకి బయల్దేరాడు. హాస్పిటల్లో డ్యూటీ డాక్టరమ్మ పిల్లని చూసి "ఈ నంబరుకీ ఈ పిల్లకీ పొంతన లేదే" అని స్లయిడ్ మీద మళ్ళీ చూడమంది. 1 లక్షా 40 వేలు! గుంపులు గుంపులుగా అతుక్కుపోయి ఉన్నాయట, మిషన్ వాటిని లెక్కపెట్టలేకపోయింది. ఆ ఒక్క రాత్రికి నాకు బీపీ మాత్ర మొదలైంది, ఇప్పటికీ వాడుతున్నా.

ల్యాబ్_బాబాయ్
@బ్యాంకు_మావయ్య అది జరుగుద్ది. ఊదారంగు మూత ట్యూబులో ఈడీటీఏ అనే మందు ఉంటది రక్తం గడ్డ కట్టకుండా. కొందరి రక్తంలో ఆ మందుకే ప్లేట్లెట్లు అతుక్కుంటాయి. అప్పుడు నీలం మూత సిట్రేట్ ట్యూబులో మళ్ళీ తీసి చూడాలి. రక్తం తీయడం కష్టమై మెల్లిగా లాగినా, ట్యూబుని తలకిందులు చేసి కలపకపోయినా అంతే. నంబరు అనుమానంగా ఉంటే స్మియర్ చూడకుండా రిపోర్టు ఇవ్వకూడదు, కానీ స్మియర్ చూడటానికి మైక్రోస్కోప్ ముందు కూర్చునేవాడు కావాలిగా, మిషన్ ఉంది కదా అని వాణ్ణి తీసేశారు.

గోదారోడు_77
డెంగీ కార్డులో ఎన్ఎస్1 నెగటివ్ వస్తే డెంగీ లేనట్టేనా? మా తమ్ముడికి నెగటివ్, కానీ ఒళ్ళంతా దద్దుర్లు.

మైక్రో_మేడం
ఎన్నో రోజున చేశారన్నదే అసలు ప్రశ్న. ఎన్ఎస్1 అంటే డెంగీ వైరస్ ప్రొటీన్, మొదటి నాలుగైదు రోజులు దొరుకుతుంది, తర్వాత మాయం. ఐదో రోజు దాటాక ఐజీఎం అనే యాంటీబాడీ చూడాలి. ఏడో రోజు ఎన్ఎస్1 చేసి నెగటివ్ అంటే రైలు వెళ్ళిపోయాక ప్లాట్‌ఫాం ఖాళీగా ఉందన్నట్టు. కార్డు టెస్టుతో సరిపెట్టకుండా ల్యాబ్‌లో మిషన్ మీద చదివే ఎలైజా టెస్టు చేయించండి, ప్రభుత్వ లెక్కల్లో డెంగీ అని రాసుకునేది ఎలైజాలో వస్తేనే. ఇంకో మాట, అందరూ ప్లేట్లెట్లే చూస్తారు, పక్కనే ఉన్న హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వంతు) చూడరు. అది పెరుగుతూ పోతుంటే రక్తనాళాల్లోంచి నీరు కారిపోతోందని, ప్రమాదం అక్కడ.

పాడేరు_పిల్ల అడిగిన దానికి శీను గారు జవాబు చెప్పలేదు. దయచేసి చూడండి. నేను ముందే అడగాల్సింది.

ప్రశ్నల_పంతులు
ఇంత పనికిమాలిన టెస్టయితే ప్రభుత్వం ఎందుకు ఆపదు?

మైక్రో_మేడం
ఆపిన సందర్భం ఉంది మాస్టారూ. టీబీకి రక్తంలో యాంటీబాడీ చూసే కిట్లు ఒకప్పుడు వీధివీధికీ అమ్మేవాళ్ళు. 2011 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడొద్దంది, 2012 లో మన ప్రభుత్వం వాటిని నిషేధించింది. ఇప్పుడు టీబీకి కఫం ఇచ్చి సీబీనాట్ గానీ ట్రూనాట్ గానీ అనే మిషన్ టెస్టు చేయిస్తారు, ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం, మొదటి వరస మందుకి లొంగుతుందో లేదో కూడా అందులోనే తెలుస్తుంది. వైడాల్ సంగతికొస్తే, పల్లెటూళ్ళో కల్చర్ పెట్టే వసతి లేదు, దాని బదులు ఇవ్వడానికి అంత చవకైంది ఇంకోటి లేదు. అందుకే బతికిపోయింది.

నల్లకుంట_నర్సయ్య
జబ్బులు మారినయ్, ఊర్లు మారినయ్, 1896 నాటి టెస్టు మాత్రం అట్లనే ఉంది. సికింద్రాబాద్‌ల రొనాల్డ్ రాస్ దోమ కడుపుల మలేరియా పట్టిన సంవత్సరం 1897. అంటే మలేరియా దోమ కన్న ఏడాది పెద్దది వైడాలు.

మిరపతోట_శీను
ఆలస్యమైంది, ఆసుపత్రిలో ఉన్నా. పాడేరు అక్కా, మచ్చ ఉంది. నడుం మీద కుడి పక్క, మొలతాడు కింద. రూపాయి బిళ్ళలో సగం ఉంటది, నల్లగా పెచ్చు కట్టి చుట్టూ ఎర్రగా. నొప్పి లేదు దురద లేదు. "మొలతాడు ఒరుసుకుపోయిందిలే" అని నాన్న ఎవరికీ చెప్పలేదు. ఇప్పటిదాకా చూసిన వాళ్ళెవరూ చొక్కా ఎత్తి చూడలేదు. చెయ్యి చాపమన్నారు, సూది వేశారు. ఇక్కడ డాక్టరుకి చూపించగానే మీరు చెప్పబోయేదే అన్నాడనుకుంటా, స్క్రబ్ టైఫస్ అంట. టైఫస్ అంటే టైఫాయిడేగా?

పాడేరు_పిల్ల
కాదు అన్నా, పేరే దగ్గర. ఇది పురుగు కాటు వల్ల వస్తాది, గడ్డిలో తుప్పల్లో కంటికి కనపడనంత చిన్న పురుగు. కుట్టినట్టు కూడా తెలీదు. నేను స్టాఫ్ నర్సుని, మా ఏజెన్సీలో జ్వరం అని వచ్చినోళ్ళకి చీర సర్దించి, పంచె తీయించి చూస్తాం, అలవాటైపోయింది. మచ్చ అందరికీ ఉండదు, ఉంటే మాత్రం సగం పని అయిపోయినట్టే.

మైక్రో_మేడం
టైఫాయిడ్ అన్న పేరుకి అర్థమే "టైఫస్ లాంటిది" అని. రెండూ ఒకేలా కనపడతాయి కాబట్టే ఆ పేరొచ్చింది, ఆ గందరగోళం ఇప్పటికీ వదల్లేదు. స్క్రబ్ టైఫస్ క్రిమి మన కణాల లోపల దాక్కుంటుంది, సెఫ్ట్రియాక్సోన్ దాన్ని ఏమీ చెయ్యలేదు. డాక్సీసైక్లిన్‌కి లొంగుతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దాకా పోతుంది కాబట్టి మచ్చ చూశాక రిపోర్టు కోసం ఆగకుండానే మందు మొదలుపెడతారు. ఐజీఎం ఎలైజాకి పంపారా? కొన్ని చోట్ల వీల్-ఫెలిక్స్ చేస్తారు, అది 1916 నాటిది, వైడాల్‌కి తమ్ముడు లాంటిది, నెగటివ్ వచ్చినా నమ్మకండి.

మిరపతోట_శీను
ఎలైజాకే పంపారు మేడం. ప్లేట్లెట్లు 90 వేలు, లివర్ టెస్టులో ఎస్‌జీపీటీ పెరిగింది అన్నారు. మాత్ర ఇవాళ సాయంత్రం మొదలుపెట్టారు. తోటలో కలుపు తీయించేటప్పుడు నాన్న గట్టు మీద గడ్డిలో పడుకుంటాడు, అక్కడే కుట్టి ఉండాలి.

స్వీటు_షాపు_సుబ్బు
సందర్భం కాదు గానీ ఇంతమంది తెలిసినోళ్ళు ఒకచోట దొరికారు కదా అని అడుగుతున్నా, మా మావయ్యకి ఫాస్టింగ్ షుగరు 178, హెచ్‌బీఏ1సీ మాత్రం 5.3 వచ్చింది. ఏ1సీ 5.7 లోపు ఉంటే షుగరు లేనట్టే అని గూగుల్లో చదివి నా షాపుకొచ్చి రెండు కాజాలు తిన్నాడు.

ల్యాబ్_బాబాయ్
కాజాలు తిన్నాక అడుగుతున్నావా! ఈమధ్య ఆయనకి రక్తం ఎక్కించారా?

స్వీటు_షాపు_సుబ్బు
నీకెలా తెలుసు బాబాయ్?? రెండు నెలల కింద, పైల్స్‌తో బాగా రక్తం పోయి మూడు బాటిళ్ళు ఎక్కించారు.

ల్యాబ్_బాబాయ్
ఏ1సీ అంటే ఎర్ర రక్తకణానికి అంటుకున్న చక్కెర పాకం అనుకో, నీ భాషలో. కణం బతికేది నాలుగు నెలలు, అన్నాళ్ళూ పాకంలో నానితే ఎంత పట్టిందో చూసి మూడు నెలల సగటు చెప్తారు. మీ మావయ్య ఒంట్లో చాలా కణాలు దాతవి, పాకంలో కొత్తగా పడ్డవి. అందుకే తక్కువ వచ్చింది. కణాలు తొందరగా చచ్చిపోయే సికిల్ సెల్ లాంటి జబ్బుల్లో కూడా ఇంతే. ఐరన్ తక్కువ ఉన్నవాళ్ళకి తిరకాసు, ఉన్నదానికంటే కాస్త ఎక్కువ చూపిస్తది. మా ఆవిడకి హిమోగ్లోబిన్ 7.8 ఉన్నప్పుడు ఏ1సీ 6.1, ఫాస్టింగ్ 92. ఐరన్ వాడాక 5.6 కి దిగింది, స్వీటు మానకుండానే. మావయ్యకి ఫాస్టింగ్ ఇంకోరోజు మళ్ళీ చేయించు, 126 గానీ ఆపైన గానీ ఉంటే షుగరే, ఏ1సీని ఇప్పుడు లెక్కలోకి తీసుకోకు.

ప్రశ్నల_పంతులు
నాకు ఇంట్లో గ్లూకోమీటర్లో 131, ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్ళే కుర్రాడి ల్యాబ్‌లో 104. ఏది నిజం?

ల్యాబ్_బాబాయ్
ఏ రంగు మూత ట్యూబులో తీశాడు, ఎంతసేపు బండి మీద తిరిగాడు అన్నది చెప్పండి. ట్యూబులో పడ్డాక కూడా రక్తకణాలు చక్కెర తింటూనే ఉంటాయి మాస్టారూ, గంటకి నూటికి 5-7 వంతులు తగ్గిపోద్ది. అది ఆపడానికే బూడిదరంగు మూత ట్యూబులో ఫ్లోరైడ్ వేస్తారు. ఎర్ర మూతలో తీసి, ఎండలో పది ఇళ్ళు తిరిగి మధ్యాహ్నం ఇస్తే మీ షుగరు దారిలోనే తగ్గుద్ది. గ్లూకోమీటర్‌కి కూడా నూటికి 15 అటూఇటూ ఉంటది అనుకోండి. ల్యాబ్‌కే నడిచి వెళ్ళి ఇవ్వండి ఈసారి.

ప్రశ్నల_పంతులు
ఎర్ర మూతే. ఒక ట్యూబులోనే అన్నీ అయిపోతాయన్నాడు.

మిరపతోట_శీను
మూడో రోజు. నిన్న రాత్రి నుంచి జ్వరం లేదు. ఎలైజా కూడా పాజిటివ్ వచ్చింది, కల్చర్‌లో ఏమీ పెరగలేదు. పొద్దున ఇడ్లీ వద్దు పచ్చిమిరపకాయ పచ్చడి అన్నం కావాలని గొడవ పెట్టాడు, అప్పుడు నమ్మా తగ్గిందని. పాడేరు అక్కా, నీకు మా తోట నుంచి ఎండుమిరప బస్తా బాకీ.
పాత మూడుసార్లు కూడా టైఫాయిడ్ కాదేమో అని డాక్టరుని అడిగితే నవ్వాడు, ఏమీ అనలేదు. ఆర్ఎంపీ గారికి మచ్చ ఫొటో పంపా. కోప్పడతాడనుకున్నా, "ఇంకో రెండు ఫొటోలు పంపు, వేరే కోణంలో" అన్నాడు.

గోదారోడు_77
చూశారా, అందుకే అన్నా ఆయన్ని తిట్టకండి అని. కానీ ఐదు వేలు?

మిరపతోట_శీను
ఐదు వేలు ఊసెత్తలేదు. నేనూ ఎత్తలేదు. రేపు అర్ధరాత్రి మళ్ళీ ఆయన తలుపే కొట్టాలిగా.

పాడేరు_పిల్ల
బస్తా వద్దు అన్నా, గట్టు మీద పడుకునేటప్పుడు కింద ఒక గోనెపట్టా వేసుకోమను. ఇంటికొచ్చాక స్నానం, ఆ బట్టలు ఉతకడం.

మిరపతోట_శీను
చెప్పా. మొలతాడు మాత్రం తీయనంటున్నాడు, దానిదే తప్పని ఇంకా అనుమానం ఉన్నా.

కొత్త_మెంబర్_లత
మా బాబుకి వైడాల్ ఓ 1:80 వచ్చింది, టైఫాయిడా? ప్లీజ్ అర్జెంట్.

చాయ్_రెండు_బన్ను
అమ్మా లతమ్మా, ఒకసారి పైకెళ్ళి చదువుకుంటూ రా.

మైక్రో_మేడం
జ్వరం ఎన్ని రోజుల నుంచి అండి?

కొత్త_మెంబర్_లత
జ్వరం లేదండి. హెల్త్ చెకప్ ప్యాకేజీలో ఫ్రీగా వస్తే చేయించాం.